స్మదరింగ్ టైథ్: మనా లేక కట్టలేకపోతే అది 'కట్టకపోవడం' కిందకి వస్తుందా రాదా?

తెల్లడెక్_తేజ
నిన్న కోరమంగళలో ఒక కెఫేలో నలుగురం మ్యాజిక్: ద గాదరింగ్ కార్డు ఆటలో కమాండర్ పద్ధతి ఆడుతున్నాం. నా ముందు స్మదరింగ్ టైథ్ అనే కార్డు ఉంది. తెలియనివాళ్ల కోసం: ప్రత్యర్థి ఎవరు కార్డు తీసినా వాళ్లు కావాలంటే 2 మనా (కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి) కట్టొచ్చు, కట్టకపోతే నాకో ట్రెజర్ టోకెన్ (తర్వాత 1 మనాగా వాడుకునేది) వస్తుంది. కార్డు మొత్తం ఇంతే. పచ్చ డెక్ ఆడుతున్న ఒకాయన ఉన్న నాలుగు ల్యాండ్‌లూ ట్యాప్ చేసి (అంటే వాటి మనా వాడేసి) హార్మనైజ్ వేసి మూడు కార్డులు తీశాడు. నేను మూడు ట్రెజర్లు తీసుకోబోతే ఆగమన్నాడు. వాదన ఏంటంటే, "కార్డు మీద 'కట్టకపోతే' అని ఉంది, 'కట్టలేకపోతే' అని లేదు. నా దగ్గర మనా ఉండి కట్టనంటే నీకు ట్రెజర్. అసలు లేనప్పుడు నాకు ఎంచుకునే అవకాశమే రాలేదు, కాబట్టి నీకేమీ రాదు." మిగతా ఇద్దరిలో ఒకరు అటు, ఒకరు ఇటు. చివరికి డైస్ వేసి తేల్చారు, డైస్ ఆయన వైపు పడింది. ఆ మూడు ట్రెజర్లూ వచ్చుంటే తర్వాతి టర్న్‌లో గేమ్ నాది. నాకు డైస్ కాదు, రూల్ కావాలి.

సిల్క్‌బోర్డ్_సిద్ధుడు
రూల్‌ని డైస్ వేసి తేల్చారా? ఇంకా నయం, చిట్టీలు రాయలేదు.

మారతహళ్లి_మాంత్రికుడు
ట్రెజర్లు నీవే. ఇందులో చర్చే లేదు. కట్టావా లేదా, కార్డు చూసేది అంతవరకే. ఎందుకు కట్టలేదు అనే సంజాయిషీ దానికి అక్కర్లేదు.

లెవెల్‌వన్_లక్ష్మి
అధికారిక రూల్స్ పుస్తకం, కాంప్రహెన్సివ్ రూల్స్‌లో 118.12 చూడండి. రిజాల్వ్ అయ్యేటప్పుడు, అంటే కార్డు చెప్పిన పని జరిగేటప్పుడు, 'కావాలంటే ఫలానా పని చెయ్యి, చేస్తే ఇది, చేయకపోతే అది' అని అడిగే కార్డులన్నిటికీ ఆ ఫలానా పనే ఖర్చు. ఆటగాడు ఆ ఖర్చు కట్టడానికి ఒప్పుకున్నాడా లేదా అనేదే చూస్తారు. దీనికి 118.3 కలపండి: పూర్తిగా కట్టడానికి సరిపడా వనరులు లేకపోతే ఖర్చు కట్టడం కుదరదు. అంటే మనా లేనివాడికి 'కడతాను' అనే మాటే అందుబాటులో ఉండదు. మిగిలింది ఒకటే, కట్టకపోవడం.

రూల్ నంబర్లతో పనిలేకుండా చెప్పాలంటే ఆయన్ని షాక్ ల్యాండ్ గురించి అడగాల్సింది. ఉదాహరణకి వాటరీ గ్రేవ్ దింపేటప్పుడు 'కావాలంటే 2 లైఫ్ కట్టొచ్చు, కట్టకపోతే ట్యాప్ అయి వస్తుంది' అని ఉంటుంది. టైథ్ మీద ఉన్న మాటే ఇక్కడా ఉంది. మీకు 1 లైఫే ఉంది, 2 కట్టలేరు. మీ మిత్రుడి లెక్క ప్రకారం ఆ ల్యాండ్ అన్‌ట్యాప్డ్‌గా, పైసా ఖర్చు లేకుండా రావాలి. 2005లో ఈ ల్యాండ్‌లున్న రావ్నికా సెట్ వచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎక్కడా ఎవరూ అలా ఆడలేదు.

నీలి_ద్వీపం
షాక్ ల్యాండ్ దాకా ఎందుకండీ, మనా లీక్ చాలు. '3 కట్టకపోతే స్పెల్ కౌంటర్ (రద్దు)' అని వేస్తే, నా దగ్గర మనా లేదు కాబట్టి నా స్పెల్ బతికిపోయింది అని ఎవరన్నా అన్నారా ఈ భూమ్మీద? నీలి డెక్ ఆడేవాళ్లం అసలు ఎదుటివాడు ట్యాప్ అయ్యేదాకా కాచుకుని కూర్చునేదే అందుకు కదా.

సిల్క్‌బోర్డ్_సిద్ధుడు
అకౌంట్‌లో డబ్బుల్లేవు కాబట్టి నేను ఈఎంఐ కట్టకపోవడం కాదు, కట్టలేకపోవడం, కాబట్టి పెనాల్టీ పడదు. రేపే బ్యాంకుకి వెళ్లి ఈ లాజిక్ వాడతా, ఏమంటారో చెప్తా.

పచ్చడెక్_ప్రతాప్
తేజ చెప్పిన ఆ 'ఒకాయన' నేనే. నన్ను పక్కనపెట్టి పంచాయితీ పెట్టేశారు, బాగుంది.

లక్ష్మి గారూ, మీరు చెప్పిన 118.12 నేనూ చదివాను. అందులో 'చేస్తే, చేయకపోతే, చేయలేకపోతే' అని మూడు మాటలూ విడివిడిగా ఉన్నాయి. చేయకపోవడం, చేయలేకపోవడం ఒకటే అయితే మూడో మాట అక్కడ ఎందుకు? రూల్ రాసినవాళ్లు ఊరికే రాయరు కదా. టైథ్ మీద 'చేయలేకపోతే' లేదు. నా పాయింట్ అదొక్కటే. ఈఎంఐ జోకులు పక్కన పెట్టి దీనికి జవాబు చెప్పండి.

కొత్తగా_కొన్నా
ప్రతాప్ అన్న చెప్పింది వినడానికి బానే ఉంది కదా??

పాతకాపు
మంచి ప్రశ్నే. మూడో మాట ఎందుకుందంటే తప్పనిసరి పనులు చెప్పే కార్డులు ఉన్నాయి కాబట్టి.

లార్డ్ ఆఫ్ ద పిట్ తీసుకో. 1993లో మొదటి సెట్‌లోనే వచ్చిన కార్డు. ప్రతి అప్‌కీప్‌లో (నీ టర్న్ మొదట్లో) అది కాకుండా ఇంకో క్రీచర్‌ని బలివ్వాలి, బలివ్వలేకపోతే అది నీకే 7 డ్యామేజ్ చేస్తుంది. ఇక్కడ 'కావాలంటే' లేదు. బల్ల మీద ఇంకో క్రీచర్ ఉంటే నువ్వు ఇవ్వనని అనడానికి వీల్లేదు, ఇచ్చి తీరాలి. ఇక ఇవ్వకుండా ఉండటానికి మిగిలింది ఒకే దారి, అసలు క్రీచర్లే లేకపోవడం. అందుకే ఆ కార్డు మీద 'బలివ్వలేకపోతే' అని రాశారు. టైథ్‌లో కట్టడం నీ ఇష్టం. ఇష్టం లేక కట్టకపోయినా, చేతకాక కట్టకపోయినా రెండూ 'కట్టకపోతే'లో పడతాయి. పెద్ద మాటలో చిన్న మాట ఇమిడి ఉంది. చిన్న మాట వాడాల్సింది పెద్ద మాటకి దారి లేనప్పుడే.

పచ్చడెక్_ప్రతాప్
సరే, మరి పాక్ట్ ఆఫ్ నెగేషన్? అక్కడ 'కావాలంటే' లేదు. వచ్చే అప్‌కీప్‌లో 5 మనా కట్టు, కట్టకపోతే ఓడిపోయావ్ అని ఉంది. నీ లెక్కలో అది తప్పనిసరి కదా, 'కట్టలేకపోతే' అని ఉండాలి కదా. మరి 'కట్టకపోతే' అని ఎందుకు రాశారు?

పాతకాపు
మనా సంగతి వేరు. ఖర్చు తప్పనిసరి అయినా ల్యాండ్‌లు ట్యాప్ చేయడం తప్పనిసరి కాదు, అది రూల్స్‌లోనే ఉంది. కాబట్టి ఐదు ల్యాండ్‌లు ఎదురుగా ఉన్నా ట్యాప్ చేయకుండా కూర్చుని ఓడిపోయే హక్కు నీకుంది. ఎవరు వాడుకుంటారో నాకు తెలీదు గానీ ఉంది. అందుకే అక్కడ 'కట్టకపోతే' అనే రాయాలి. క్రీచర్ బలికి అలాంటి సందు లేదు.

నీలి_ద్వీపం
పాక్ట్ మాట వచ్చింది కాబట్టి. మా రూమ్మేట్ పాక్ట్ వేసి ఒకడి స్పెల్ ఆపాడు. వాడికి సరిగ్గా ఐదు ల్యాండ్‌లే ఉన్నాయి. వచ్చే అప్‌కీప్‌లో కట్టేస్తాడులే అనుకున్నాం అందరం. ఆ స్పెల్ పోగొట్టుకున్నాయన తన టర్న్ ఇంకా అయిపోకముందే స్ట్రిప్ మైన్‌తో మా వాడి ఐలాండ్ ఒకటి పేల్చేశాడు. నాలుగు ల్యాండ్‌లు, ఐదు మనా బాకీ. అప్‌కీప్‌లో మౌనంగా కార్డులు సర్దుకున్నాడు. ఆ రోజు ఏడున్నర వేల డెక్ పట్టుకుని అంత త్వరగా ఇంటికొచ్చినవాడు వాడే.

కొత్తగా_కొన్నా
ఐలాండ్ పేల్చేటప్పుడే దాన్ని ట్యాప్ చేసి మనా తీసి పెట్టుకోవచ్చుగా

నీలి_ద్వీపం
తీసుకోవచ్చు. కానీ ఆ ఫేజ్ అయిపోగానే మనా ఆవిరి. అది అవతలివాడి మెయిన్ ఫేజ్, మా వాడి అప్‌కీప్ దాకా నిలవదు. అదే మా వాడి అప్‌కీప్‌లోనే, ట్రిగ్గర్ (దానంతటదే మొదలయ్యే ఎఫెక్ట్) స్టాక్ మీద, అంటే జరగడానికి వరుసలో ఉండగా పేల్చి ఉంటే ట్యాప్ చేసి ఆ మనాతోనే కట్టేసేవాడు. పేల్చినాయనకి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే తన టర్న్‌లోనే పని కానిచ్చాడు.

ఉచ్చుకార్డు
మీ మ్యాజిక్ వాళ్లతో ఇదే గోల. మా కార్డు ఆట యూ-గి-ఓలో ఈ తగాదా రానే రాదు. 2011 నుంచి కార్డు మీద రాత పద్ధతే మార్చేశారు. సెమీకోలన్‌కి ముందున్నది యాక్టివేట్ చేసేటప్పుడే చేయాలి, తర్వాతది రిజాల్వ్ అయ్యేటప్పుడు. ముందున్న ఖర్చు కట్టలేకపోతే కార్డు యాక్టివేట్ చేయడమే కుదరదు, కథ అక్కడితో సరి. సోలెమ్న్ వార్నింగ్‌కి 2000 లైఫ్ పాయింట్లు కావాలి, నీ దగ్గర 1500 ఉంటే అది చేతిలో ఉన్నా లేనట్టే.

లెవెల్‌వన్_లక్ష్మి
@ఉచ్చుకార్డు మ్యాజిక్‌లోనూ వేసేటప్పుడు కట్టే ఖర్చుకి అదే పద్ధతి. తేజ అడిగింది రిజాల్వ్ అయ్యేటప్పుడు అడిగే ఖర్చు గురించి. మీ దగ్గరా అలాంటివి ఉన్నాయి కదా, టర్న్ మొదట్లో వచ్చే స్టాండ్‌బై ఫేజ్‌లో కట్టేవి?

ఉచ్చుకార్డు
ఉన్నాయి, ఒప్పుకుంటా, అక్కడ కొంచెం గజిబిజి ఉంది. మెసెంజర్ ఆఫ్ పీస్‌కి మన స్టాండ్‌బైలో 100 కట్టాలి లేదా కార్డు నాశనం. కట్టే స్తోమత ఉన్నా కట్టకుండా దాన్ని వదిలేసుకోవచ్చు. ఇంపీరియల్ ఆర్డర్‌కి 700. ఒకప్పుడు దాన్నీ ఇష్టమైనప్పుడు కట్టకుండా వదిలేసుకునేవాళ్లు. ఎదుటివాడి టర్న్ అంతా స్పెల్స్ బంద్ చేసి, తమ టర్న్ రాగానే 'నేను కట్టను' అని దాన్ని పగలగొట్టుకుని హాయిగా తమ స్పెల్స్ ఆడుకునేవాళ్లు. తర్వాత కార్డు రాత మార్చి, బ్రాకెట్లో 'ఇది ఐచ్ఛికం కాదు' అని చేర్చారు. ఇప్పుడు 700 ఉంటే కట్టి తీరాలి, నిజంగా లేనప్పుడే పోతుంది. అంటే కట్టకపోవడం, కట్టలేకపోవడం మధ్య తేడా ఒక్క కార్డు విషయంలో మా వాళ్లు ప్రత్యేకంగా రాసి పెట్టారు. ప్రతాప్‌కి కావాల్సింది ఇలాంటి కార్డు, కాకపోతే ఆట వేరు.

పచ్చడెక్_ప్రతాప్
చూశారా, తేడా ఉందని ఒకరైనా అన్నారు.

మారతహళ్లి_మాంత్రికుడు
తేడా ఉన్నచోట కార్డు మీద రాస్తారు అన్నాడాయన. టైథ్ మీద రాయలేదు. పూర్తిగా చదువు ప్రతాపూ.

హెచ్‌ఎస్‌ఆర్_అమ్మ
మీ చర్చ సగం అర్థం కాలేదు గానీ నాకూ ఇలాంటి సందేహమే ఉంది. మా అబ్బాయి ఐదో తరగతి, పోకెమాన్ కార్డులు ఆడతాడు. మొన్న అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆడుతుంటే చేతిలో రెండే కార్డులు మిగిలాయట, అందులో ఒకటి అల్ట్రా బాల్. దానికి రెండు కార్డులు పారేయాలి. వీడు ఉన్న ఒక్కటీ పారేసి, "ఉన్నంతవరకు పారేశాను కదా" అని డెక్‌లోంచి పోకెమాన్ తీసుకున్నాడు. అవతలి పాప తొండి అని ఏడ్చింది, ఆ పిల్ల తల్లి నాకు ఫోన్ చేసింది. ఎవరిది కరెక్ట్?

లెవెల్‌వన్_లక్ష్మి
పాపదే కరెక్ట్ అండి. అల్ట్రా బాల్ మీద 'మీ చేతిలో వేరే 2 కార్డులు పారేస్తేనే ఈ కార్డు వాడొచ్చు' అని ఉంటుంది. అల్ట్రా బాల్‌ని ఆ రెండింట్లో లెక్కపెట్టకూడదు. దాంతో కలిపి చేతిలో కనీసం మూడు ఉండాలి. రెండే ఉంటే వేయడానికే లేదు.

హెచ్‌ఎస్‌ఆర్_అమ్మ
మరి ప్రొఫెసర్స్ రిసెర్చ్‌కి చేతిలో ఏమీ లేకపోయినా వేయొచ్చని వీడంటున్నాడు. అదీ తొండేనా? ఈ సాయంత్రం రెండు ఇళ్ల మధ్య శాంతి చర్చలు ఉన్నాయి, కాస్త స్పష్టంగా చెప్పండి.

ఉచ్చుకార్డు
నా తమ్ముడు పోకెమాన్ ఆడతాడు కాబట్టి చెప్తున్నా. అది తొండి కాదు మేడమ్. ప్రొఫెసర్స్ రిసెర్చ్‌లో చేతిలో ఉన్నవన్నీ పారేసి 7 తీసుకోమంటుంది. పారేయడం అక్కడ షరతు కాదు, కార్డు చేయించే పనిలో భాగం. చేతిలో ఏమీ లేకపోతే పారేయడానికి ఏమీ లేదు, 7 మాత్రం వస్తాయి. అల్ట్రా బాల్‌లో పారేయడం షరతు. 'చేస్తేనే' అన్న మాట కార్డు మీద ఉందా లేదా అని చూసుకోమనండి బాబుని, చాలు.

కొత్తగా_కొన్నా
ఇది నాకూ పనికొచ్చింది. నా ఎర్ర డెక్‌లో థ్రిల్ ఆఫ్ పాసిబిలిటీ ఉంది. ఒక కార్డు పారేసి రెండు తీసుకోవాలి. చేతిలో ఆ ఒక్క కార్డే ఉంటే దాన్నే పారేసి రెండు తీసుకోవచ్చా

సిల్క్‌బోర్డ్_సిద్ధుడు
తన్ను తానే పారేసుకునే కార్డు. గొప్ప త్యాగం.

మారతహళ్లి_మాంత్రికుడు
కుదరదు. ఖర్చు కట్టే సమయానికి థ్రిల్ చేతిలో ఉండదు, స్టాక్ మీదకి వెళ్లిపోయి ఉంటుంది. పారేయడానికి ఇంకో కార్డు కావాలి. లేకపోతే వేయలేవు, వేశానని చెప్పినా వెనక్కి తీసుకోవాలి. 601.2 క్రమం చూడు: ముందు స్పెల్ స్టాక్ మీద పెట్టడం, తర్వాత కిక్కర్ లాంటి అదనపు ఖర్చులు కడతావో లేదో చెప్పడం, టార్గెట్లు, చివర్లో కట్టడం. అసలు అన్ని తగాదాలూ ఈ క్రమం తెలియకే వస్తాయి. మ్యాజిక్ కంప్యూటర్ గేమ్ అరీనాలో ఆడి నేర్చుకున్నవాళ్లకి ఇది మరీ తెలీదు, ఎందుకంటే అక్కడ కట్టలేని కార్డుని గేమే వేయనివ్వదు. ఎందుకు వేయనివ్వలేదో చెప్పదు.

పాతకాపు
కిక్కర్ గురించి ఒక మాట. రైట్ ఆఫ్ రెప్లికేషన్ నాలుగు మనా, కిక్కర్ ఇంకో ఐదు. మా టేబుల్ దగ్గర ఒకాయన తొమ్మిది ల్యాండ్‌లు ఉన్నాయి అని ధీమాగా కిక్కర్‌తో వేశాడు, ఐదు డ్రాగన్ టోకెన్లు పెట్టడానికి స్లీవ్‌లు కూడా తీసి పెట్టుకున్నాడు. తీరా లెక్కపెడితే ఒక ల్యాండ్ ముందే ట్యాప్ అయి ఉంది. "పోనీలే, కిక్కర్ లేకుండా వెళ్లిపోనీ" అన్నాడు. అవతలివాళ్లేమో "కిక్కర్ అన్నావు, కట్టలేకపోయావు, స్పెల్ పోయింది, గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన కార్డుల కుప్పలో) పెట్టు" అన్నారు. రెండూ కాదు. మొత్తం వేయడమే చెల్లదు, కార్డు చేతిలోకి, ల్యాండ్‌లు అన్‌ట్యాప్, అంతా మొదటికి. తర్వాత కావాలంటే కిక్కర్ లేకుండా కొత్తగా వేసుకోవచ్చు. స్పెల్ పోవడం అనే శిక్ష రూల్స్‌లో లేదు.

నీలి_ద్వీపం
వేసేటప్పుడు కట్టలేకపోతే వెనక్కి. రిజాల్వ్ అయ్యేటప్పుడు కట్టలేకపోతే కట్టనట్టే ముందుకి. తేజ ప్రశ్నకి సరిపోయిందనుకుంటా.

ఉచ్చుకార్డు
ఒక్క తేడా మాత్రం నాకు ఎప్పటికీ మింగుడు పడదు. మా దగ్గర మాక్రో కాస్మోస్ ఉంటే గ్రేవ్‌యార్డ్‌కి వెళ్లాల్సిన కార్డులన్నీ బానిష్ అవుతాయి, అంటే ఆట బయటికి పోతాయి. కాబట్టి 'గ్రేవ్‌యార్డ్‌కి పంపాలి' అనే ఖర్చు ఉన్న కార్డులు వాడలేం, ఎందుకంటే అది గ్రేవ్‌యార్డ్‌కి చేరదు, ఖర్చు కట్టినట్టు కాదు. 'పారేయాలి' అనే ఖర్చు మాత్రం కట్టొచ్చు, ఎక్కడికి వెళ్లినా పారేసినట్టే. మీ దగ్గర అదే పని చేసే రెస్ట్ ఇన్ పీస్ ఉన్నా బలి ఇచ్చేస్తారు, అదేం న్యాయం?

లెవెల్‌వన్_లక్ష్మి
మా దగ్గర 118.11: ఖర్చు కట్టేటప్పుడు జరిగే పనిని ఇంకో ఎఫెక్ట్ మార్చేసినా ఖర్చు కట్టినట్టే. క్రీచర్ గ్రేవ్‌యార్డ్‌కి బదులు ఎక్సైల్‌కి (ఆట బయటికి) వెళ్లింది, సరే, నువ్వు బలివ్వడం ఇచ్చావు. చనిపోతే వచ్చే ట్రిగ్గర్లు మాత్రం రావు. ఆఖరి గమ్యాన్ని మేం పట్టించుకోం, మీరు పట్టించుకుంటారు. రెండు ఆటలూ ఆడేవాళ్లు ఎక్కువ తడబడేది ఇక్కడే.

తెల్లడెక్_తేజ
స్టాండ్‌స్టిల్ సంగతేంటి మరి? నాకు ఒకసారి అన్యాయం జరిగిందని ఇప్పటికీ అనుమానం. ఎవరో స్పెల్ వేశారు, స్టాండ్‌స్టిల్ ట్రిగ్గర్ అయింది, అది రిజాల్వ్ అయ్యేలోపు ఎవరో దాన్ని ఎక్సైల్ చేశారు. నాకు మూడు కార్డులు ఇవ్వలేదు.

పాతకాపు
సరిగ్గానే ఇవ్వలేదు. 'స్టాండ్‌స్టిల్‌ని బలివ్వు, ఇస్తే ఆ స్పెల్ వేసినవాడి ప్రత్యర్థులు తలా మూడు తీసుకోండి' అని ఉంటుంది. బలివ్వడానికి అది బల్ల మీదే లేదు. కట్టలేకపోయావు, కట్టలేదు, రాలేదు. రూల్స్ పుస్తకంలో 118.12 కింద ఉదాహరణగా ఇచ్చిందే ఇది. ప్రతాప్ వాదన నిజమైతే నీకు అప్పుడు కూడా లాభం ఉండేది కాదు, గమనించావా.

కొత్తగా_కొన్నా
ఇంకో డౌట్, ఇదే చివరిది. గోడ్ చేసిన (వేరేవాడు తన మీదకి కాకుండా ఇంకొకరి మీదకి ఉసిగొల్పిన) క్రీచర్ తప్పనిసరిగా దాడి చేయాలి కదా. ఎదుటివాడి దగ్గర ప్రొపగాండా ఉంటే క్రీచర్‌కి 2 కట్టాలి. అంటే తప్పనిసరిగా కట్టాలా

మారతహళ్లి_మాంత్రికుడు
అక్కర్లేదు. 508.1dలో స్పష్టంగా ఉంది, దాడికి ఖర్చు ఉంటే ఆ ఖర్చు కట్టమని ఎవరూ బలవంతం చేయలేరు. చేతినిండా మనా ఉన్నా సరే. కాకపోతే ప్రొపగాండా లేని ఇంకో ప్రత్యర్థి టేబుల్ మీద ఉంటే వాడి మీదకి వెళ్లాల్సిందే, తప్పించుకోలేవు. ముగ్గురే మిగిలి, గోడ్ చేసినవాడు ఒకడు, ప్రొపగాండా వాడు ఇంకొకడు అయినా ఇంట్లో కూర్చోలేవు, 2 కట్టకపోతే గోడ్ చేసినవాడి మీదకే వెళ్లాలి.

సిల్క్‌బోర్డ్_సిద్ధుడు
'ఇదే చివరిది' అని కొత్తవాళ్లు అన్న ప్రతిసారీ నాకు 2 కట్టాలి. కట్టకపోతే ట్రెజర్ నాది.

నీలి_ద్వీపం
ప్లాటినం ఎంపీరియన్ ఉన్నవాళ్లు కూడా ఇది చూసుకోండి. మీ లైఫ్ మారదు కాబట్టి లైఫ్ కట్టడం కుదరదు, షాక్ ల్యాండ్‌లు ట్యాప్ అయ్యే వస్తాయి, లైఫ్ కట్టి డెక్‌లోంచి ల్యాండ్ తెచ్చుకునే ఫెచ్ ల్యాండ్‌లు అసలు పనిచేయవు. 0 లైఫ్ మాత్రం ఎప్పుడైనా కట్టొచ్చు, అది వేరే వినోదం. లైఫ్ మారదు కదా, ఊరికే లైఫ్ కట్టినట్టు ఆడేసుకుందాం అని ఒకాయన ఇందిరానగర్‌లో సాయంత్రమంతా ఆడాడు, ఎవరూ పట్టుకోలేదు.

పచ్చడెక్_ప్రతాప్
సరే, ట్రెజర్ల సంగతి అలా ఉంచండి. ఇప్పుడు నా ఫిర్యాదు వినండి. ఎవరు కార్డు తీసినా తేజ "కడతావా? కడతావా?" అని అడుగుతూనే ఉంటాడు, పక్కన ఇంకో వసూలు కార్డు రిస్టిక్ స్టడీ పెట్టుకున్నాయన "ఒకటి కడతావా?" అంటాడు. నలుగురిలో ఇద్దరు వసూళ్లకే కూర్చున్నారు. ఆ రోజు హార్మనైజ్‌కి మాత్రం తేజ అడగలేదు. నేను మూడు కార్డులు తీసి, చూసి, ల్యాండ్ దింపాక అప్పుడు గుర్తొచ్చి ట్రెజర్లు అన్నాడు. ఇది ఎవరూ మాట్లాడరేం?

తెల్లడెక్_తేజ
ల్యాండ్ దింపుతుండగా అన్నాను. దింపాక కాదు.

పచ్చడెక్_ప్రతాప్
దింపాకే. పక్కన కాఫీ తాగుతున్నాయన్ని అడుగు.

లెవెల్‌వన్_లక్ష్మి
ఇందులో ప్రతాప్ చెప్పేదానికి బలం ఉంది. టైథ్ ట్రిగ్గర్ తేజది, గుర్తుపెట్టుకోవాల్సింది తేజ, గుర్తుచేసే బాధ్యత ప్రతాప్‌కి లేదు. పెద్ద టోర్నమెంట్‌లో అయితే మర్చిపోయిన ట్రిగ్గర్‌ని స్టాక్ మీద పెట్టాలా వద్దా అనేది ప్రత్యర్థి ఇష్టం. అక్కడ ప్రతాప్ వద్దనేవాడు, అయిపోయేది. కెఫేలో సరదా ఆటకి అంత పట్టింపు ఉండదు, వెంటనే గుర్తొచ్చి ఆట పెద్దగా ముందుకి జరగకపోతే ఇచ్చేస్తారు. ఒక ల్యాండ్ దింపడం పెద్ద విషయం కాదని నా అభిప్రాయం, మీ టేబుల్ వాళ్లు వేరేలా అనుకోవచ్చు. కానీ 'ట్రిగ్గర్ మర్చిపోయావు' అనేది ఒక వాదన, 'నేను కట్టలేను కాబట్టి నీకు రాదు' అనేది ఇంకో వాదన. ఆ రోజు మొదటిది చేసి ఉంటే మీరు డైస్ లేకుండానే గెలిచేవారేమో.

మారతహళ్లి_మాంత్రికుడు
నాకు లక్ష్మి గారితో ఇక్కడ పడదు. నలుగురు ఆడే కమాండర్‌లో ఒక టర్న్‌లో ఎన్నో కార్డులు తీస్తారు. ప్రతిసారీ ఆపి అడిగితే గేమ్ రాత్రి పది దాటుతుంది, ఆఖరి మెట్రో పోతుంది. మా టేబుల్ దగ్గర మాట ఒకటే: టైథ్ దిగిన క్షణం నుంచి ఎవరూ నోరు తెరవకపోతే కట్టనట్టే, ట్రెజర్ ఆటోమేటిక్. కట్టాలనుకున్నవాడే చెప్పాలి. కట్టలేని వాడు ఎలాగూ చెప్పలేడు.

పాతకాపు
మంచి ఒప్పందమే, కానీ ఆట మొదలవ్వకముందే చేసుకోవాలి. మూడు కార్డులు తీశాక కాదు. ఇంకోటి, మూడు కార్డులు తీస్తే మూడు ట్రిగ్గర్లు, మూడూ వేరువేరు. చేతిలో 2 మనా ఉంటే ఒకదానికి కట్టి రెండింటికి వదిలేయొచ్చు. 1 మనా ఉంటే దేనికీ కట్టలేవు, సగం కట్టి సగం ట్రెజర్ అనేది లేదు. ఎవరైనా వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ వేస్తే ముగ్గురు ప్రత్యర్థులూ ఏడేసి తీస్తారు, ఎవరూ కట్టకపోతే 21 ట్రెజర్లు. అక్కడ 21 సార్లు 'కడతావా' అని అడిగేవాడికి ఆ కెఫే వాళ్లే టోకెన్లు తెచ్చిచ్చి పంపించేస్తారు.

హెచ్‌ఎస్‌ఆర్_అమ్మ
శాంతి చర్చలు అయ్యాయి. 'వేరే 2 కార్డులు' అని కార్డు మీదే ఉందని మా వాడికి చూపిస్తే చదివి, "నేను 'వేరే' చదవలేదు" అన్నాడు. ఇప్పుడు ఇద్దరూ కలిసి కింది ఫ్లాట్ వాళ్లబ్బాయి కార్డులు చదివి తప్పులు పట్టుకుంటున్నారు. అదో కొత్త తలనొప్పి.

సిల్క్‌బోర్డ్_సిద్ధుడు
జడ్జిలు అలాగే పుడతారు మేడమ్.

పచ్చడెక్_ప్రతాప్
తేజా, వచ్చే ఆదివారం డెక్‌లో నేచర్స్ క్లెయిమ్ పెట్టుకుని వస్తున్నా. నువ్వు టైథ్ దింపు చూద్దాం. నేను హార్మనైజ్ వేస్తా, నీ ట్రిగ్గర్లు వస్తాయి, వాటికి రెస్పాన్స్‌గా టైథ్‌ని పగలగొడతా. అప్పుడు కట్టాల్సిన పనే ఉండదు.

తెల్లడెక్_తేజ
పగలగొట్టు, నాకు 4 లైఫ్ కూడా వస్తుంది దాంతో. థాంక్స్.

లెవెల్‌వన్_లక్ష్మి
ప్రతాప్ గారూ, ట్రిగ్గర్ స్టాక్ మీదకి వచ్చేశాక టైథ్‌ని పగలగొట్టినా లాభం లేదు. స్టాండ్‌స్టిల్ తనని తాను బలిమ్మంటుంది కాబట్టి అది పోతే పని చెడింది. టైథ్ ఖర్చు మీ మనా, టైథ్ బల్ల మీద ఉందా లేదా అని ఆ ట్రిగ్గర్ చూడదు. మూడు ట్రెజర్లూ వస్తాయి. కార్డులు తీయకముందే పగలగొట్టండి.

పచ్చడెక్_ప్రతాప్
అంటే హార్మనైజ్ నాలుగు, క్లెయిమ్ ఒకటి. ఐదో ల్యాండ్ దాకా ఆగాలన్నమాట.

తెల్లడెక్_తేజ
ఆగు. నాకేం తొందర లేదు.